ఓటాకు కాదు, ఊటాకు

మా వైపు వాళ్ళెవరూ పనిగట్టుకుని పెనుకొండ వెళ్ళరు. బెంగుళూరు వెళ్తూ రైలు కిటికీలోంచి ఆ కొండను చూసి, "అబ్బ, ఎంత ఎండిపోయి ఉందో" అనుకుని మళ్ళీ పడుకుంటారు. నేను చూడకుండానే దాటేశాను. ఒక ఆకును వెతుక్కుంటూ బయలుదేరిన మనిషిని, తీరా ఆ ఊరు వచ్చేసరికి గుర్రుపెట్టి నిద్రపోతున్నాను. తర్వాత జరిగినవి తలుచుకుంటే, ఈ ప్రయాణంలో నేను చేసిన తప్పుల్లో ఆ నిద్రే చిన్నది.

ముందు ఆకు సంగతి చెప్పాలి. కృష్ణ ఒడ్డున ఒక కాలేజీలో నేను వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్ని. ఏడేళ్ళుగా టెంపరరీ. మా ప్రొఫెసరు గారు తెలుగునాట ఉన్న ఫెర్న్ మొక్కలన్నిటికీ ఒక జాబితా తయారుచేస్తున్నారు. ఫెర్న్ పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకు అడుగున వరసగా గోధుమరంగు చుక్కలుంటాయి. అవి ముదిరి పగిలితే సన్నటి పొడి రాలుతుంది. ఆ పొడే దాని సంతానం. నీడలో, తడి రాయి మీద పడితే ముందు గోరంత పచ్చటి రేకు పుడుతుంది. ఆ రేకు మీద నీటి పొర నిలిస్తేనే దానిలోంచి అసలు మొక్క లేస్తుంది. తడి ఆరిందా, వంశం అక్కడితో సరి. అందుకని ఇవి వానలు దండిగా పడే అడవుల్లో, పెద్ద చెట్ల కింద, నీరు కారే బండలను పట్టుకుని బతుకుతాయి. జాబితాలో అనంతపురం జిల్లా పేజీ ఖాళీగా ఉండటంలో వింతేమీ లేదు.

అయితే మా కాలేజీ బీరువాలో దొరలకాలం నాటి అట్ట ఒకటి దొరికింది. దానికి అంటించిన ఆకును పురుగులు తినేసి కాడ మాత్రం మిగిల్చాయి. కింద చీటీ మీద ఇంగ్లీషులో, "పెనుకొండ, కొండ వెనక అడవి వంక, నీరు కారే బండలు. ఇక్కడివాళ్ళు ఓటాకు అంటారు" అని ఉంది. వంక అంటే వాగు.

"ఇది పట్టుకొచ్చావంటే నీ పర్మనెంటు సంగతి నేను చూసుకుంటానోయ్. చుక్కలున్న ఆకు, వేరుతో సహా కావాలి. అవి లేకపోతే నీ మాట ఎవడూ నమ్మడు" అన్నారు ప్రొఫెసరు గారు.

ఎలక్షన్లయి నెల తిరగని రోజులు. నాలుగు రోజులు సెలవు పెట్టి రైలెక్కాను.

హిందూపురం

కళ్ళు తెరిచేసరికి రైలు హిందూపురంలో ఆగి ఉంది. దిగక తప్పలేదు. ఊరంతా చింతపండు వాసన, దాని మీద బెల్లం వాసన. స్టేషను దగ్గర హోటల్లో ఉగ్గాని పెట్టారు. మా వైపు మరమరాలను పొట్లం కట్టి పిల్లల చేతిలో పెడతాం. ఇక్కడ వాటిని బొరుగులంటారు, నానబెట్టి తాలింపు వేసి, పప్పులపొడి చల్లి, మిరపకాయ బజ్జీతో పెద్దవాళ్ళకు పెడతారు. చాలా బాగుంది. కొత్త పైసలొచ్చి ఇన్నేళ్ళయినా హోటలాయన ప్లేటు రెండణాలనే చెప్పాడు. పక్కబల్ల మనిషితో కన్నడం, నాతో తెలుగు, వంటవాడితో రెండూ కలిపి మాట్లాడుతున్నాడు.

"పెనుకొండకు పోవల్లంటే హిందూపురం దాకా వస్తివా? రైల్లో నిద్దర బాగా పట్టిందేమప్పా!" అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. అయినా పని నాది కాబట్టి తమాయించుకుని, "ఇక్కడ ఓటాకు అని ఒక ఆకుంటుందట, తెలుసా?" అని అడిగాను.

హోటలంతా నావైపు తిరిగింది.

"ఓటాకా? ఓట్లు అయిపాయె గదప్పా! నువ్వు ఏ పార్టీ?" అన్నాడు హోటలాయన.

"పార్టీ కాదండీ, ఆకు..."

"ఓ, అదా! ఓట్లనాడు ఆకులేసి చిత్రాన్నం, ఓళిగలు పెట్టిరే, ఆ ఆకు గురించి అడగతాండాడు" అని పక్కబల్ల మనిషి వివరించాడు. "మా వీధోళ్ళకు ఆకే పడలేదు సారూ. ఓటు మాత్రం వేయించుకుండ్రి. అది రాసుకో."

ఇంకో ఇద్దరు బెంచీ దగ్గరికి జరిగి, తమ వీధికి నీళ్ళ కొళాయి వేస్తామన్న మనిషి పేరు చెప్పి అదీ రాసుకోమన్నారు. నా చేతిలో నోటుపుస్తకం ఉండటం నా ఖర్మ. రాసుకున్నట్టు నటించి లేచాను. రూపాయి నోటు ఇస్తే హోటలాయన "చిల్లర దుడ్లు లేవా?" అన్నాడు. దుడ్లంటే డబ్బులని నాకు తెలియడానికి ఇంకాస్త సేపు పట్టింది. వెనక నుంచి నవ్వులు వినిపించాయి.

పెనుకొండ

బస్సు దిగిన చోటా ఇదే తంతు. ఓటాకు అనగానే నవ్వులు, ఆ తర్వాత ఫిర్యాదులు. చివరికి ఒక సోడా అంగడి మనిషికి నామీద జాలి కలిగింది.

"ఆకులు, వేర్లు అంటే ఓబులేసు తాతను అడుగు. బావులు తవ్వే తాత. కొండ కింద గుడిసెల్లో ఉండాడు" అన్నాడు.

బావులు తవ్వడం, రాయి కొట్టడం ఆ గుడిసెల వాళ్ళ కులవృత్తి. చుట్టుపక్కల ఇన్ని ఊళ్ళలో బావులు తవ్వినవాళ్ళకు ఇళ్ళస్థలం మాత్రం ఉత్త బండ మీద ఇచ్చారు. వాళ్ళకు బావి లేదు. ఆడవాళ్ళు మైలు దూరం పోయి, రైతు ఎద్దులతో కపిల తోలి పొలానికి నీళ్ళు తోడుకోవడం ముగించేదాకా ఎండలో నిలబడి, ఆయన సరేనంటే కడవ ముంచుకోవాలి. ఆ కడవలు ఒకదాని వెనక ఒకటి వస్తూ నాకు దారిలో ఎదురయ్యాయి.

డెబ్బై ఏళ్ళ ఓబులేసు తాత ఒక గుంత అంచున కూర్చుని లోపలికి కేకలు వేస్తున్నాడు. మోకాళ్ళు పట్టేసి తను దిగలేడు. వేరే పనులు లేని రోజుల్లో, ఆరేళ్ళుగా, ఆ గుడిసెల వాళ్ళు తమ కోసం తవ్వుకుంటున్న బావి అది. మొన్ననే, ఆరు నిలువుల లోతున, బండ చీలికలో తడి కనిపించిందట.

నేను ఓటాకు అన్నాను. ఆయన నవ్వలేదు. నా చీటీ అడిగి తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఓటాకు కాదు సామీ, ఊటాకు. ఊట, నీళ్ళ ఊట. యాడ ఆ ఆకుంటే ఆడ ఊట ఉండాది. మా నాయన అది చూసే గునపం ఏస్తాండె."

చీటీని వెలుతురుకు పట్టుకుని చూశాను. ఇంగ్లీషులో ఆ పేరు మొదట సున్నాల్లాంటి 'ఓ' అక్షరాలు రెండు ఉండాలి. ఒకదాన్ని పురుగు తినేసింది. ఒక పురుగు పుణ్యాన నేను రెండు ఊళ్ళలో ఏదో పార్టీ మనిషినయ్యాను.

మర్నాడు పొద్దున కర్ర పట్టుకుని తాతే నన్ను కొండ వెనకకు తీసుకెళ్ళాడు. పదడుగులకోసారి కూర్చునేవాడు. సద్ది మూటలో సంగటి ముద్ద, ఊరుబిండి తెచ్చాడు. ఊరుబిండి అంటే వేరుశనగ పచ్చడి. మా గోంగూర మీద ఒట్టు, దాని ముందు మా పచ్చళ్ళు ఎందుకూ పనికిరావు. ఆ మాట పైకి అంటే తాత మురిసిపోయాడు. ఆ ప్రయాణం మొత్తంలో నేను నిజాయితీగా ఇచ్చింది ఆ పొగడ్త ఒక్కటే.

వంకలో ఏమీ లేదు. లేదంటే ఒక్క చెట్టు కూడా లేదు. చీటీలోని అడవి స్థానంలో కంపచెట్లు, వాటి మధ్య ఎండ. నీరు కారిన చోట బండ మీద తెల్లటి చార ఉంది. చీలికల్లో వేలు పెట్టి గీకితే నల్లటి ముళ్ళలాంటి మొదళ్ళు కొన్ని తగిలాయి. అవి ఊటాకు దుంపలే, ఎప్పుడో చచ్చాయి. పెద్ద చెట్టు నీడ పోతే బండ వేడెక్కుతుంది, వేడెక్కితే తడి ఆగదు, తడి ఆగకపోతే ఈ జాతి ఒక్క ఎండాకాలం కూడా గట్టెక్కదు. నేను క్లాసులో ఏటేటా చెప్పే పాఠమే అది.

"ఎవరు నరికారు తాతా?" అన్నాను కోపంగా.

"నేనే" అన్నాడు. "యుద్ధం నాడు పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడస్తాండె గదా. ఆ బొగ్గు ఈడే కాల్చిరి. బావులు తవ్వించేటోళ్ళు లేకపాయిరి. కడుపుకు లేకపాయె. గొడ్డలి పట్టుకుంటిమి. మా కూడు మేమే నరుక్కుంటిమి సామీ."

కుర్రతనంలో ఆ బొగ్గు బస్సులెక్కి పెళ్ళిళ్ళకు తిరిగినవాణ్ణి.

తాతే మళ్ళీ అన్నాడు: "ఆకు పూర్తిగా పోలేదులే. బావిలో నీళ్ళు పడిన దినం, వరస రాళ్ళ మధ్య ఒగ సందు ఇడిచిపెట్టి, ఈడనుంచి పిలక తీస్కపోయి ఆడ పెడతాం. అది మా ఆచారం. ఆకు పెట్టకుండా బావి నీళ్ళు తాగం. ధర్మవరంలో నారాయణప్ప అని, మగ్గాలాయన. ఆయప్ప ఇంటి బావి నేనే తవ్వినా. నా చేత్తో పెట్టిన ఆకు ఆడుండాది."

అడవిలో చచ్చిపోయిన మొక్క నేతగాడి ఇంటి బావిలో బతికుంది. నీడ, తడి రాయి, కదలని గాలి, దానికి కావలసినవన్నీ అక్కడున్నాయి. ఆ బావిగోడే దానికి మిగిలిన అడవి.

తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు ఒగ పిలక తెచ్చియ్యి సామీ. మా బావికి. ఇన్నేండ్లు ఊరందరి బావులకూ పెట్టినా. ఈ చుట్టుపక్కల బావుల్లో పెట్టిందంతా ఎండిపాయె. మాదానికి పెట్టేకి కొండలో ఆకు లేదు, పోయి తెచ్చేకి నాకు కాళ్ళు లేవు, పిల్లోళ్ళకు ఆకు గుర్తు తెలీదు. నువ్వు యాడనో కృష్ణ కాడనుంచి ఆకు కోసం వచ్చినావంటే, దేవుడే పంపినట్లుండాది."

"తప్పకుండా తెస్తాను తాతా. ఎల్లుండి ఇదే దారిలో వచ్చి నీ చేతికిస్తాను" అన్నాను. మాటకు విలువ ఉంటుందని ఒక కాయితం మీద నా అడ్రసు కూడా రాసిచ్చాను.

ధర్మవరం

ధర్మవరంలో వీధి పేరు అడగనక్కరలేదు. మగ్గాల చప్పుడు వెంట వెళ్తే చాలు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే నారాయణప్ప తల ఎత్తకుండానే, "బావి సంగతి మా ఆడమనిషిని అడుగు. దాని పెత్తనం ఆయమ్మదే" అన్నాడు.

ఆయన భార్య లక్ష్మక్క. పట్టునూలు ఉడకబెట్టే బాన దగ్గర నిలబడి, నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"ఆకు కావల్నా? ఎందుకు?"

"చదువు కోసం."

"చదువుకు పుస్తకాలుంటాయి. ఆకెందుకు?"

బావి దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. నీళ్ళు చాలా కిందికి దిగి ఉన్నాయి. రెండు నిలువుల లోతున, రాళ్ళ వరస సందులో, నాలుగు గుబుర్లు పచ్చగా కనిపించాయి. లేత ఆకులు కొసలు లోపలికి చుట్టుకుని ఉన్నాయి. పెద్ద ఆకులు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి. అడవిలో మోకాలెత్తు పెరగాల్సింది ఇక్కడ జానెడే ఉంది. ఉన్న తడికి సరిపడా ఒళ్ళు తగ్గించుకుంది.

"దినమ్మూ లేస్తానే దాని మొగం చూస్తా" అంది లక్ష్మక్క. "అది పచ్చగుంటే నూలు ఉడకేస్తాం. వాడితే నీళ్ళు లేవని మగ్గం ఎత్తిపెట్టాల్సిందే. ఈ నీళ్ళకే రంగు బాగా పడతాది. నువ్వెవరో తెలీదు, దిగి పీక్కపొమ్మంటే యెట్ల?"

అప్పుడు ఓబులేసు తాత పేరు చెప్పాను. ఆరేళ్ళ గుంత, మొన్న కనిపించిన తడి, కొండలో ఆకు లేకపోవడం, అన్నీ చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"ఆ తాత బతికుండాడా! నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు తవ్వినాడు. నీళ్ళు పడిన దినం తాను ఆకు పెట్టి, మొదటి చెంబు నాకిచ్చినాడు. ఆ తాతకు బావి లేదా ఇన్నాళ్ళు?" అని మొగుణ్ణి కేకేసి తాడు తెప్పించింది.

నడుముకు తాడు కట్టుకుని నేనే దిగాను. పైన నారాయణప్ప పట్టుకున్నాడు. రెండు పిలకలు తీసుకోమంది, నాలుగింటిలో రెండు. ఒకటి నాకు, ఒకటి తాతకు. నావంతు తడిగుడ్డలో చుట్టింది. తాతవంతు మాత్రం కొబ్బరిచిప్పలో బావిమట్టి వేసి, నాటి, పైన తడిపిన పట్టునూలు చిక్కు కప్పింది.

"తడి ఆరనీయొద్దు. రేపటికల్లా తాత చేతిలో పెట్టు. లక్ష్మక్క పంపిందని చెప్పు" అంది. సంగటి పెట్టి, మజ్జిగ పోసి పంపింది.

ప్లాట్‌ఫారం

ఇక్కడ చదవడం ఆపేసే పాఠకులుంటే వాళ్ళకు నామీద మంచి అభిప్రాయం మిగులుతుంది.

స్టేషన్ బెంచీ మీద కూర్చుని నావంతు పిలక వేరు కడిగి, ఆకులు సరిచేసి, పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి అట్టల మధ్య బిగించాను. బిగించాక గుర్తొచ్చింది, చుక్కలు చూసుకోలేదని. విప్పి చూస్తే అడుగు నున్నగా ఉంది. లేత పిలక. దాని మీద ఒక్క చుక్క లేదు.

కొబ్బరిచిప్పలోని ఆకు తిప్పి చూశాను. రెండు వరసల్లో ముదురు చుక్కలు, కుట్టినట్టున్నాయి.

చుక్కల్లేని పిలకను తాతకిచ్చినా సరిపోయేది. ఆచారానికి చుక్కలక్కర లేదు. కానీ అప్పటికే దాని వేరు కడిగి, నలిపి, బిగించేశాను. వెనక్కి వెళ్ళి లక్ష్మక్కను ఇంకొకటి అడిగే ముఖం లేదు. పెనుకొండ బండి రావడానికి మూడు గంటలుంది. మా ఊరివైపు వెళ్ళే గుంతకల్లు బండికి గంట కొట్టారు. ఇదంతా చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. నిజమేమిటంటే నాకు పర్మనెంటు ఉద్యోగం కావాలి. ఏడేళ్ళు ఆగాను, ఇంక ఆగలేకపోయాను. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ గురించి విన్నాను గానీ, ఆ తెప్పకు పట్టుచిక్కు కప్పి ఉంటుందని వినలేదు.

చిప్పలోంచి పిలకను లాగాను. మట్టి దులిపి కాయితాల మధ్య పెట్టాను. ఖాళీ చిప్పను బెంచీ మీద వదిలేసి గుంతకల్లు బండి ఎక్కాను. ఈసారి నిద్ర పట్టలేదు.

ఇల్లు

ప్రొఫెసరు గారు ఎగిరి గంతేశారు. అట్టకు అంటించి, చీటీ రాయడానికి కూర్చున్నారు. "ధర్మవరం, నేతవారి బావిగోడ" అని నేను చెప్తే కలం ఆపారు.

"బావా? అడవి మొక్క బావిలో దొరికిందంటే నవ్విపోతారోయ్. పెనుకొండ అడవి వంక అని రాస్తే పాత చీటీతో సరిపోతుంది" అని అలాగే రాశారు. సేకరించినవారు అన్నచోట తమ పేరు ముందు వేసుకున్నారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఒక్క చెట్టు లేని చోట ఇప్పుడు కాయితం మీద అడవి ఉంది. ఇంకో ముప్పై ఏళ్ళకు ఇంకెవడో ఆ చీటీ పట్టుకుని అక్కడికి వెళ్తాడు. నా ఉద్యోగం పర్మనెంటయింది.

రెండు నెలలకు కార్డు వచ్చింది. పెనుకొండ బడి అయివారు ఎవరో తాత చెప్తుండగా రాసిపెట్టారు. "సామీ, బావిలో నీళ్ళు నడుము లోతు పడినాయి. పై వరసలో ఆకుకు సందు ఇడిచినాము. ఆకు పెట్టలేదని ఇంకా తాగలేదు. ఆడవాళ్ళు పాత చోటికే పోతాండారు. ఎప్పుడు వస్తాండారు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. నాకు పట్టుకోవడానికి ఆకు కూడా లేదు, ప్రొఫెసరు గారి బీరువాలో ఉంది. కానీ దాన్ని ఆరబెట్టిన న్యూస్‌పేపరు నా దగ్గరే ఉంది. విప్పి చూస్తే ఆకు పడుకున్న చోట రెండు వరసల్లో గోధుమరంగు పొడి రాలి ఉంది. అది ఎండినా నెలల తరబడి బతికే ఉంటుంది. తడి రాయికి తగిలితే ఏడాదికో, ఏడాదిన్నరకో ఊటాకు అవుతుంది. ఆ పొడిని జాగ్రత్తగా చిన్న కాయితంలో పొట్లం కట్టాను. పర్మనెంటు డిమాన్‌స్ట్రేటరుకు తగిన భాషలో ఉత్తరం కూడా రాశాను: "ఇందుతో సిద్ధబీజములు పంపుచున్నాను. తేమగల తావున ఉపయోగించవలెను." పాఠ్యపుస్తకంలో ఆ పొడికి ఉన్న పేరు అదే. నేను స్వయంగా వెళ్ళలేదు. సెలవులు లేవనుకున్నాను. పోస్టులో వేశాను.

జవాబు పోయిన వారం వచ్చింది. అదే అయివారి చేతిరాత.

"సామీ, మీరు పంపిన సిద్ధమందు ముట్టింది. యెట్ల వాడాల్నో సరిగ్గా తెలీక తేనెలో కలుపుకుని మూడు దినాలు తాగినాను. మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గినట్ల ఉండాది. నా కాళ్ళు గుర్తుపెట్టుకుని మందు పంపినారు, మీ మేలు మరవను. ఆకు మాత్రం ఇంకా రాలేదు. సందు అట్లనే ఉంచినాము."